మావారు మంచాన పడ్డ మూడు వారాలు: అందరికీ జికోమో క్వాంబిరి (చాలా కృతజ్ఞతలు)

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. మావారికి జ్వరం పూర్తిగా తగ్గింది. నిన్న గేటుదాకా నడిచి వచ్చి, ఆయాసం రాలేదని నాకు రెండుసార్లు చెప్పారు. ఫోన్లు చేసినవాళ్లకి, మెసేజీలు పెట్టినవాళ్లకి విడివిడిగా జవాబివ్వలేకపోయాను, ఏమీ అనుకోకండి. ఇక్కడ కరెంటు ఉంటే నెట్ ఉండదు. రెండూ ఉన్న పూట నేను ఆసుపత్రిలో ఉన్నాను. అందుకే అందరికీ కలిపి ఇక్కడే రాస్తున్నాను.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. సంఘం తరఫున 18 నెలల సేవకని 2024 సెప్టెంబరులో ఆఫ్రికాలోని మలావీ దేశానికి వచ్చాం. కాపురం బ్లాంటైర్ నగరంలో, పని ఎక్కువగా ఫలోంబె జిల్లాలో, ములాంజె కొండకి ఉత్తరాన. 2023 మార్చిలో ఫ్రెడ్డీ తుపానుకి కొండమీది బురద, బండలు కొట్టుకొచ్చి ఊళ్లమీద పడ్డ చోటు అది. అదే కాలంలో దేశమంతా కలరా. అంతకు ముందు ఏడాది మొదలై 1,700 మందికి పైగా ప్రాణాలు తీసింది. అందుకే ఇక్కడ మంచినీళ్ల బోరింగు పాడైతే అది ఒక్క రోజు ఇబ్బంది కాదు. పాడైన బోరింగులు బాగుచేయించడం మా పని. మావారు 30 ఏళ్లు ఊరూరా చేతిపంపులు చూసిన మనిషి, నేను బ్యాంకులో చేసి రిటైరయ్యాను. కాబట్టి పంపులు ఆయనవి, రసీదులు నావి. విదేశంలో సేవ అనగానే జనానికి ఏమేమో కనిపిస్తుంది గానీ, నా లెక్కలో అందులో ముప్పాతిక వంతు రసీదులే. ఒక్కో సామానుకి మూడు కొటేషన్లు, ఒక్కో చెల్లింపుకి రెండు సంతకాలు. క్వాచా ఇక్కడి డబ్బు, అతిపెద్ద నోటు 5,000 క్వాచాలదే కాబట్టి డబ్బు సంచిలో మోసుకుపోవడం.

ఇక్కడి పంపు పేరు ఆఫ్రిదేవ్. దీని గురించి కొంచెం చెప్పకపోతే తర్వాతి సంగతి అర్థం కాదు. మావారి చేతికి అలవాటైంది ఇండియా మార్క్ 2. (అదీ షోలాపూర్‌లో మిషన్ వాళ్లు చేసిన పంపు నుంచి వచ్చిందేనని ఆయన సందర్భం ఉన్నా లేకపోయినా చెబుతుంటారు.) దానికి అడుగున వాషరు మార్చాలంటే ఇనుప గొట్టాలన్నీ పైకి లాగాలి, నలుగురు మగాళ్లు, బోలెడు సరంజామా కావాలి. మొదటిసారి ఫలోంబె వెళ్లినప్పుడు కారు దిగుతూనే ఆయన "చైన్ పుల్లీ ఏది? క్లాంపులు ఏవి?" అన్నారు. నీటి కమిటీలో ఒకావిడ, వీపున చితెంజె గుడ్డలో బిడ్డని కట్టుకుని, చేతిలో ఉన్న ఒకే ఒక్క స్పానరు చూపించింది. పంపు తల విప్పింది. రాడ్లు ఒకదానికొకటి కొక్కేల్లా తగులుకుని ఉంటాయి. ఇద్దరు ఆడవాళ్లు వాటిని ఒక్కొక్కటే లాగడం, తప్పించి పక్కన పెట్టడం. గొట్టాలు కదలనే లేదు. చివర్న వచ్చిన ప్లంజరుకి, అంటే నీళ్లని పైకి ఎత్తే ముక్కకి, అరిగిన రబ్బరు సీలు తీసి కొత్తది తొడిగి, మళ్లీ దించేశారు. బిడ్డ లేవలేదు. మావారు చేతులు కట్టుకుని నిలబడ్డారు. రాత్రి పడుకోబోతూ, ఎవరూ అడగకుండానే, "మంచి పంపే" అన్నారు.

ఇక జ్వరం సంగతి. రోజూ వేసుకోవాల్సిన మలేరియా మాత్ర కడుపులో మంటగా ఉందని జనవరిలోనే మానేశారు. నాకు చెప్పలేదు. దోమతెరకి కాళ్లవైపు చిరుగు పడింది, కుట్టాలని వారంగా అనుకుంటున్నది నేను. తప్పు చెరిసగం. ఫిబ్రవరిలో ఒక రాత్రి చలితో మొదలై మంచం అదిరేంత వణుకు. రెండు గంటలకి మాట తేడాగా వచ్చింది. "ఎవరో పంపు కొడుతున్నారు, ఆపమను" అన్నారు. అప్పుడు నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

కారులో పెట్రోలు లేదు. ఆ రోజుల్లో బంకుల దగ్గర లైన్లు ఎలా ఉన్నాయో ఇక్కడున్న వాళ్లకి చెప్పక్కర్లేదు. మా వాచ్‌మన్ పక్కింటి గేటు దగ్గరికి పరిగెత్తి "ఓడి! ఓడి!" అని అరిచాడు. తలుపు కొట్టే బదులు ఇక్కడ ఆ మాట అంటారు, లోపలివాళ్లు "ఓడిని" అంటే రమ్మని. పక్కింటాయన మినీబస్సు నడుపుతాడు. మర్నాడు పొద్దున మొదటి ట్రిప్పుకని దాచుకున్న అయిదు లీటర్లు క్యాన్‌లో ఉన్నాయి. నీళ్ల సీసా కోసి గరాటులా పట్టుకుని, టార్చి నోట్లో కరుచుకుని, ఆ అయిదు లీటర్లూ మా కారులో పోశాడు. తనే నడిపాడు. మర్నాడు ఆయన బస్సు కదల్లేదు. ఆ రోజు సంపాదన పోయిందని నాకు వాచ్‌మన్ చెప్పాడు, ఆయన ఇప్పటికీ చెప్పలేదు.

ఆసుపత్రిలో వేలిమీద చుక్క రక్తం తీశారు, పావుగంటలో రెండు గీతలు, అంటే మలేరియానే. మనిషి మగతలో ఉన్నాడని మాత్రలతో ఆగకుండా ఆర్టెసునేట్ ఇంజెక్షన్ మొదలుపెట్టారు. వచ్చిన వెంటనే ఒకటి, 12 గంటల తర్వాత ఒకటి, 24 గంటల తర్వాత ఒకటి. ఆ తర్వాత పూటకి నాలుగు చొప్పున మూడు రోజులు ఎల్ఏ అనే మలేరియా మాత్రలు. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న నర్సమ్మకి నా దండం. మూడో ఇంజెక్షన్ వేళకి, తన షిఫ్టు అయిపోయినా, వచ్చి చూసి వెళ్లింది.

ఇక్కడ రోగి పక్కన ఉండేవాళ్లని గార్డియన్ అంటారు. తిండి, బట్టలు, కడగడం అన్నీ వాళ్లే చూసుకోవాలి. నేను ఒక్కదాన్నే అనుకున్నాను. తెల్లారేసరికి ఇక్కడి సంఘం స్త్రీలు ముగ్గురు ఫ్లాస్కులో ఫాలా, మొక్కజొన్నపిండి జావ, పట్టుకుని వచ్చారు. "పెపాని, అమాయి" అన్నారు. పెపాని అంటే క్షమించమని. తప్పు తమది కాకపోయినా, కాలికి రాయి తగిలినవాణ్ని చూసినా ఆ మాటే అంటారు. అమాయి అంటే అమ్మ. నా చెవికి మాత్రం అమ్మాయి అనే వినిపిస్తుంది, 61 ఏళ్ల దాన్ని, కాదని ఎందుకు చెప్పాలి? వాళ్లు వంతులు వేసుకుని పదకొండు రోజులు వచ్చారు. పక్కింటావిడ మా బట్టలు ఉతికి, బొగ్గుల ఇస్త్రీపెట్టెతో రెండువైపులా ఇస్త్రీ చేసి పంపింది. ఇది శుభ్రం కోసం కాదు. తడిబట్టలమీద ఒక ఈగ గుడ్లు పెడుతుంది, ఇస్త్రీ చేయకుండా తొడుక్కుంటే పురుగు చర్మంలోకి దిగుతుంది. లోదుస్తులతో సహా చేసి పంపిన మనిషికి ఏ మాటల్లో కృతజ్ఞత చెప్పాలో నాకు తెలియదు. జికోమో క్వాంబిరి, అంతే.

ఇప్పుడు అసలు సంగతి. ఆ మూడు వారాల్లో మా పట్టికలో మూడు బోరింగులు ఉన్నాయి. విడిభాగాల పెట్టె మా ఇంట్లో ఉంది, పని మొత్తం ఆగిపోయినట్టే అనుకున్నాను. కమిటీ నుంచి ఇద్దరు ఆడవాళ్లు, ఏరియా మెకానిక్కు కలిసి ఫలోంబె నుంచి మినీబస్సులో వచ్చారు. పెట్టె తెరిచి ఏమేం తీశారో నా పుస్తకంలో వాళ్లే రాసి సంతకాలు పెట్టారు, ఒకావిడ వేలిముద్ర వేసింది. రెండు వారాలకి పుస్తకం తిరిగొచ్చింది, లెక్క క్వాచాతో సహా సరిపోయింది. దాంతో పాటు ఒక ప్లాస్టిక్ సంచి. లోపల అరిగిన సీళ్లు, పగిలిన బేరింగు బుష్‌లు, కొక్కెం విరిగిన రాడ్డు ముక్క. కొత్తవి నిజంగా వేశామనడానికి సాక్ష్యం. బ్యాంకులో అంతకాలం పనిచేసి ఇంత మంచి వౌచరు నేను చూడలేదు.

మూడు పంపులూ నీళ్లు పోస్తున్నాయి. మావారు ఆ సంచి ఒళ్లో పెట్టుకుని ఒక్కొక్కటీ తిప్పి చూశారు. సంతోషించారు, కాస్త మొహం ముడుచుకున్నారు కూడా. తను లేకుండా ఒక్క రోజు కూడా ఆలస్యం కాలేదు మరి.

అక్కడి మన సంఘానికి: మీరు పంపిన డబ్బు విడిభాగాలకి, పెట్టె కోసం ఫలోంబె నుంచి వచ్చిన ఆ ముగ్గురి బస్సు ఛార్జీలకి వాడాను, లెక్క పాస్టర్‌గారికి పంపాను. కొందరు పాత బట్టలు పంపుతామన్నారు. ప్రేమకి వందనం, కానీ వద్దండి. పాతబట్టలు, ఇక్కడి మాటలో కౌంజికా, ఏ బజారులో చూసినా గుట్టలు. ఓడ ఖర్చుకి ఎన్ని రబ్బరు సీళ్లు వస్తాయో లెక్కేస్తే నాకు నిద్ర పట్టదు.

పక్కింటాయన పెట్రోలు డబ్బు తీసుకోలేదు. నిన్న మళ్లీ అడిగితే నవ్వి, క్యాన్ మాత్రం తిరిగిమ్మన్నాడు. కడిగి గుమ్మం పక్కన పెట్టాను. ఖాళీది ఇవ్వలేను, బంకు దగ్గర లైను ఇవాళ కూడా మలుపు దాటి ఉంది.