జెన్‌లో ఎస్టీమ్ ఇంజిన్ పెట్టే ముందు

శాన్ హోసే, కాలిఫోర్నియా

చిన్నా,

నాన్న మారుతీ జెన్‌లో మారుతీ ఎస్టీమ్ కారు ఇంజిన్ పెట్టించడానికి ఖర్చు లెక్క రాసి నువ్వు పంపిన కాగితం ఫోటో చూశాను. ఫోన్లో మాట్లాడదామంటే నాన్న పక్కనే ఉంటారు, నువ్వేమో స్పీకర్ పెట్టకుండా మాట్లాడవు. అందుకే రాస్తున్నా. మధ్యలో కోపం వచ్చినా ఆపకుండా చివరిదాకా చదువు.

ఎస్టీమ్ ఇంజిన్, గేర్‌బాక్స్ కలిపి 38,000 రూపాయలు. లేబర్ 15,000. ఇతరాలు 7,000. మొత్తం 60,000. అంతే కదా నీ లెక్క? ఎవరైనా ఒక అంచనా తెచ్చిస్తే అందులో ఏం వదిలేశారో వెతకడమే ఆఫీసులో నా ఉద్యోగం. అసలు ఖర్చంతా నీ 'ఇతరాలు' అన్న మాటలో ఉంది. తాళిబొట్టు కొనేసి పెళ్లి ఖర్చు అయిపోయిందనుకున్నట్టుంది వరస.

ఊరికే అనడం లేదు, మా ఇంట్లోనే ఒక ఉదాహరణ ఉంది. మీ బావ 1996 సివిక్ సంగతి నీకు తెలుసుగా. అందులో ఉన్న 1.6 లీటర్ల ఇంజిన్ తీసేసి అకార్డ్‌లో వచ్చే 2.4 లీటర్ల కే24 పెట్టారు. ఇక్కడ పాత కార్ల యార్డులు ఉంటాయి. మన పనిముట్లు మనమే తీసుకెళ్లి, కావలసిన పార్టు మనమే విప్పుకుని డబ్బు కట్టి తెచ్చుకోవచ్చు. అలా ఇంజిన్ 700 డాలర్లకే వచ్చింది. ఆ రోజు ఇంట్లో పండగే. పని పూర్తయ్యాక నా ఎక్సెల్ షీట్‌లో మొత్తం చూస్తే 6,800 డాలర్లు. అంటే ఇంజిన్ వాటా పదో వంతు.

మిగతాది ఎక్కడ పోయిందంటావా? పాత సివిక్ ఇంజిన్‌కి, ఈ కే24కి పొంతన లేదు. ఇది తిరగడమే ఎదురు దిక్కున తిరుగుతుంది, సైలెన్సర్ వైపు భాగం ముందు కాకుండా వెనక, ఇంజిన్‌కీ డ్రైవర్‌కీ మధ్య ఉన్న గోడ వైపుకి వస్తుంది. దాంతో మౌంటింగులు, డ్రైవ్ షాఫ్టులు, గేర్ లింకేజీ, రేడియేటర్ గొట్టాలు, సైలెన్సర్ ముందు భాగం, వైరింగ్ అన్నీ మారాయి. ఈసీయూ, అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్ తెస్తే అది దాని సొంత తాళంచెవిని తప్ప ఇంకో దాన్ని గుర్తుపట్టలేదు. పొగలో విషవాయువులు తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్, అదీ కాలిఫోర్నియా ఆమోదం ఉన్నది, ఒక్కదానికే ఇంజిన్ కంటే ఎక్కువ పెట్టాం. అవి కాక బోల్టులు, క్లాంపులు, గ్యాస్కెట్లు, కూలెంట్, గేర్ ఆయిల్, విరిగిపోయిన స్టడ్డు తీయడానికి లేత్ షాపు. ఈ చిల్లర ఏదీ బావ మొదట రాసిన జాబితాలో లేదు. వారం వారం కార్డు బిల్లులో మాత్రం కనిపించేది.

తర్వాత రెఫరీ, అంటే ఇలా మార్చిన బండ్లని రాష్ట్రం తరఫున తనిఖీ చేసే మనిషి. ఇక్కడ 1976 మోడల్ నుంచి వచ్చిన చాలా పెట్రోల్ కార్లకి రెండేళ్లకోసారి పొగ పరీక్ష ఉంటుంది. ఇంజిన్ మారిస్తే అది కారు కంటే పాత మోడల్ కాకూడదు, ఆ ఇంజిన్‌తో కంపెనీ ఇచ్చిన పొగ నియంత్రణ సామానంతా ఉండాలి. రెఫరీ దగ్గరికి తీసుకెళ్తే ఒక్కొక్కటీ చూసి, అన్నీ సరిపోతే లేబుల్ అంటిస్తాడు. ఆ లేబుల్ ఉంటేనే తర్వాతి పరీక్షలకు పనికొస్తుంది. బావ చేసిన మంచి పని ఒక్కటే. రూల్ ముందు చదివి, దానికి తగ్గ ఇంజిన్ కోసం తర్వాత వెతికారు. నువ్వు ముందే పాత కార్ల సామాను అమ్మే పుదుపేట వెళ్లి ఇంజిన్ బేరమాడి వచ్చావు.

నీ పక్షాన ఒక మాట ఒప్పుకుంటాను. నీది సివిక్ అంత కష్టమైన పని కాదు. జెన్‌లో ఉన్న 993 సీసీ ఇంజిన్, ఎస్టీమ్‌లోని 1298 సీసీ ఇంజిన్ ఒకే సుజుకీ కుటుంబంలోవి. అందుకే మన దగ్గర చాలామంది జెన్ పిచ్చోళ్లు ఈ పని చేశారు. కానీ నాన్న జెన్ 1998ది, కార్బొరేటర్ బండి. నువ్వు చూసొచ్చింది 85 హార్స్‌పవర్ ఎంపీఎఫ్ఐ ఎస్టీమ్‌ది, అంటే కార్బొరేటర్ బదులు కంప్యూటర్ లెక్క ప్రకారం ఇంజెక్టర్లు పెట్రోల్ చిమ్మే రకం. దానికి ఈసీయూ కావాలి, సెన్సర్లతో సహా పూర్తి వైరింగ్ కావాలి, ఎక్కువ ప్రెషర్ ఇచ్చే పెట్రోల్ పంపు, దానికి తట్టుకునే లైన్లు కావాలి. అవన్నీ ఒకే బండిలోంచి తీసినవైతే నీ అదృష్టం. ఇంజిన్ ఒక కొట్లో, ఈసీయూ ఇంకో కొట్లో, వైరింగ్ మూడో కొట్లో దొరికితే, దేనికి ఏది సరిపడడం లేదో తేల్చడానికి ఎలక్ట్రీషియన్ తీసుకునేదే నీ లేబర్ బడ్జెట్‌ని దాటిపోతుంది.

ఇంకా రేడియేటర్. చెన్నై మేలో, పెరంబూర్ ట్రాఫిక్‌లో ఆ చిన్న రేడియేటర్ పెద్ద ఇంజిన్‌ని చల్లగా ఉంచాలి. క్లచ్ సరే. బ్రేకుల గురించి నీ కాగితంలో ఒక్క ముక్క లేదు. ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు, బూస్టర్ అన్నీ 50 హార్స్‌పవర్ బండికి లెక్కేసి పెట్టినవి. వేగం పెంచే సామాను కొని ఆపే సామాను వదిలేస్తే నేనైతే ఆ బండి ఎక్కను. అమ్మనీ ఎక్కనివ్వను.

ఇప్పుడు అసలు చిక్కు. ఆర్‌సీ నాన్న పేరు మీద ఉంది, మర్చిపోయావా? మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ మొదట ఇచ్చినదానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సంగతి గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టాన్ని సవరించి, అనుమతి లేని ఒక్కో మార్పుకి యజమానికి 5,000 జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ అని పెట్టారు. యజమాని అంటే నడిపేవాడు కాదు. నువ్వు ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద సరదాగా తిరుగుతుంటే కాగితాలు పట్టుకుని స్టేషన్‌కి వెళ్లాల్సింది నాన్న. ఐసీఎఫ్ రైలు పెట్టెల ఫ్యాక్టరీలో అన్నేళ్లు చేసి ఒక్క మెమో కూడా తీసుకోని మనిషి.

'ఎవడు చూస్తాడక్కా' అంటావు. 1998 బండి కదా, 2013లో పదిహేనేళ్లు నిండాయి, ఆ తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్. 2023లో అయిపోయింది, మళ్లీ 2028లో ఎఫ్‌సీకి, అంటే ఫిట్‌నెస్ తనిఖీకి చూపించాలి. ఇన్‌స్పెక్టర్ బానెట్ ఎత్తి ఇంజిన్ నంబరు చూస్తాడు. ఇరవై ఏళ్లు దాటిన కార్లకి రెన్యువల్ ఫీజు 2025లో 10,000 చేశారు, అది కూడా నీ లెక్కలో రాసుకో. ఈలోగా ఎక్కడైనా గుద్దుకుంటే, ఆర్‌సీలో 993 సీసీ, బానెట్ కింద 1298 సీసీ చూసి ఇన్సూరెన్స్ వాళ్లు క్లెయిమ్ ఆపేయడానికి ఇంకేం సాకు కావాలి?

అదే రకం ఇంజిన్ వేస్తే గొడవ వేరు. ఆర్‌టీఓకి చెప్పి కొత్త నంబరు ఆర్‌సీలో ఎక్కించుకునే దారి ఉంది. మన ఇంజిన్‌నే విప్పి బాగు చేయిస్తే ఆ అవసరం కూడా లేదు, నంబరు అలాగే ఉంటుంది.

అసలు మన ఇంజిన్ పోయిందని ఎవరు తేల్చారు? 'నీలం పొగ వస్తోంది, షెడ్డులో మెకానిక్ అన్న ఇంజిన్ అయిపోయిందన్నాడు' అని రాశావు. పొగ ఎప్పుడు వస్తోంది? పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు గుప్పున వచ్చి ఆగిపోతే అది ఎక్కువగా వాల్వ్ సీల్స్. చిన్న సామాను, చిన్న పని. బండి నడుస్తున్నప్పుడు యాక్సిలరేటర్ తొక్కిన ప్రతిసారీ వస్తే పిస్టన్ రింగుల మీద అనుమానపడాలి. స్పార్క్ ప్లగ్గులు తీసి నాలుగు సిలిండర్లకీ లోపలి ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజ్ పెట్టించు. నాలుగు రీడింగులూ దగ్గరదగ్గరగా ఉండాలి. ఒకటి బాగా తగ్గితే అందులో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడమను. రీడింగ్ పెరిగితే రింగులో, బోరో (సిలిండర్ లోపలి గోడ) అరిగినట్టు, పెరగకపోతే వాల్వుల దగ్గరో హెడ్ గ్యాస్కెట్ దగ్గరో లీకవుతున్నట్టు. గంట పని. ఈ గంట పని చేయించకుండానే 60,000 కాగితం రాశావు నువ్వు.

రింగులే అని తేలితే నేను వేసే లెక్క ఇలా ఉంటుంది. ముందే ధర తెలిసే సామాను ఒకవైపు రాయి: పిస్టన్లు, రింగులు, బేరింగులు, గ్యాస్కెట్ కిట్, టైమింగ్ బెల్ట్, వాటర్ పంప్, క్లచ్ సెట్, మౌంటింగులు. వీటికి జనరల్ ప్యాటర్స్ రోడ్డులో రెండు మూడు కొట్లు తిరిగి రేట్లు రాయించుకో, ఒక్క కొట్టు మాట నమ్మకు. ఇంజిన్ ఎలాగూ దింపుతాం కాబట్టి క్లచ్, బెల్టు బాగానే ఉన్నా అప్పుడే మార్చెయ్. తర్వాత వాటికోసం మళ్లీ దింపడమంటే లేబర్ రెండుసార్లు. పెట్రోల్ గొట్టాలు, కార్బొరేటర్ రబ్బర్లు కూడా రాసుకో. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్, 1998 నాటి రబ్బరుకి అది పడదు.

విప్పాక గానీ తెలియనివి ఇంకోవైపు. బోర్ ఎంత అరిగింది, క్రాంక్‌కి గ్రైండింగ్ కావాలా, హెడ్ వంగిందా. వీటికి ముందుగా ఎవరూ రేటు చెప్పలేరు, చెప్పినవాడిని నమ్మొద్దు. తెలిసిన సామాను మొత్తంలో కనీసం మూడో వంతు దీనికోసం పక్కన పెట్టు. మిగిలితే మిగిలింది, మంచి టైర్లు కొనుక్కో.

బండి లేని రోజుల ఖర్చు ఎవ్వరూ రాయరు. అమ్మని ఫిజియోథెరపీకి ఎలా తీసుకెళ్తావు? వెళ్లిరావడానికి ఆటో, నాన్న ఆస్పత్రి చెకప్‌కి క్యాబ్. షెడ్డులో పదిరోజులన్నది నెలన్నర అవుతుంది, అది మెకానిక్ తప్పు కూడా కాదు, లేత్ షాపులో క్యూ, ఒక సామాను సైజు తేడా, మధ్యలో పండగ. ఆ నెలన్నర ఆటో డబ్బులు కూడా ఇంజిన్ ఖర్చే.

డబ్బు ఒకేసారి ఇవ్వకు. విప్పి చూపించాక కొంత, లేత్ నుంచి వచ్చాక కొంత, బండి నడిచి వెయ్యి కిలోమీటర్లు తిరిగి, ఆయిల్ మార్చాక మిగతాది. సామాను బిల్లులు నీ దగ్గరే పెట్టుకో. పుదుపేటలో అదే రకం ఇంజిన్ కొనాల్సి వచ్చినా సరే, బిల్లు మీద ఇంజిన్ నంబరు రాయించుకోకుండా కదలకు. నంబరు గీకేసి ఉంటే ఉచితంగా ఇచ్చినా వద్దు.

ఇదంతా చదివి నీకు నీరసం వచ్చిందని తెలుసు. నీకు కావలసింది రిపేరు కాదు, పికప్. నాన్న సోళవరం రేసుల కబుర్లు చెప్పి చెప్పి నిన్ను ఇలా చేశారు. నిజంగా ఆ సరదా ఉంటే ఎస్టీమ్ ఇంజిన్ పెట్టాల్సింది ఇంటి బండిలో కాదు. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలో రేసు ట్రాక్ ఉంది, ట్రాక్‌కే పరిమితమైన పాత బండి వేరే తీసుకో, రోడ్డు మీదకి తేకు, ట్రైలర్ మీద తీసుకెళ్లు. దానికి రోల్ కేజ్ (బండి బోల్తా పడితే కాపాడే ఇనుప చట్రం), హెల్మెట్, సూట్, మోటార్ రేసుల సమాఖ్య ఎఫ్‌ఎమ్‌ఎస్‌సీఐ ఇచ్చే లైసెన్స్ ఖర్చు వేరే, అది నీ జీతంలోంచి. అందులో నేనొక్క డాలర్ కూడా వెయ్యను, బావ రహస్యంగా వేస్తే నాకు తెలియకుండా పోదు.

జెన్‌కి మాత్రం 40,000 పంపిస్తా. ఇప్పుడే కాదు. నాలుగు సిలిండర్ల రీడింగులు, ఆర్‌సీ రెండు పక్కలా ఫోటో, మూడు కొట్ల రేట్లు పంపాక. గేజ్ మీద ముల్లు కనిపించేలా ఫోటో తీయి, నోటి లెక్కలొద్దు.

నాన్నకి ఎస్టీమ్ సంగతి చెప్పాలో వద్దో నీ ఇష్టం, నేను చెప్పను. అమ్మ మోకాలి ఎక్స్‌రే రిపోర్టు ఇంకా పెట్టలేదు నువ్వు. ముందు అది పెట్టు.

అక్క