మస్టరు చదివినట్టే యాప్‌నూ చదవనివ్వండి

సంపాదకులకు నమస్కారం.

నేను విశ్రాంత గణిత ఉపాధ్యాయుడిని. ఉండేది తిరుపతిలోనైనా, సొంతూరు పలమనేరు వైపు. 2005 నాటి ఉపాధి హామీ చట్టం 17వ సెక్షను పనుల లెక్కలను తనిఖీ చేసే అధికారాన్ని గ్రామసభకు ఇచ్చింది. మన రాష్ట్రంలో 2006లో మొదలైన సామాజిక తనిఖీల్లో మస్టరును, అంటే కూలీల హాజరు పట్టీని, పదిమంది ముందు పేరుపేరునా చదివి వినిపించేవారు. మా ఊళ్లో ఒకసారి అలా చదువుతుండగా, ఒక పేరు రాగానే వెనక కూర్చున్న ముసలమ్మ ‘ఆయప్ప చచ్చిపొయ్యి రెండేండ్లాయె గదప్పా’ అంది. చదువుతున్న కుర్రవాడు ఆగిపోయాడు. అక్షరం ముక్క రాని మనిషి ప్రభుత్వ లెక్కలో తప్పు పట్టగలగడానికి కారణం, ఆ లెక్కను పైకి చదవడమే.

2023 జనవరి 1 నుంచి ఆ మస్టరు స్థానంలోకి ఫోన్‌లో హాజరు వేసే యాప్ వచ్చింది. పనిచోట కూలీలను రోజుకు రెండుసార్లు ఫోటో తీసి ఎక్కించాలన్నారు. మా ఊళ్లో నీటికుంట తవ్వడానికి వెళ్లిన ఒకామెకు రెండు రోజుల కూలి పడలేదు. ఆమె తరఫున కార్యాలయానికి నేనే వెళ్లాను. ‘సిస్టమ్‌లో హాజరు లేదండీ’ అన్నారు. ఫోటో ఎక్కలేదా, ఎక్కినా యాప్ లెక్కలోకి తీసుకోలేదా, సెల్ సిగ్నల్ లేక మధ్యలో ఆగిందా అని అడిగితే, ఆ సంగతి తమకూ తెలియదని నిజాయితీగానే చెప్పారు. ‘ఫోటోలో నేనుండాను గదా సార్, మరి దుడ్డు యాడికి పొయ్యింది?’ అన్న ఆమె ప్రశ్నకు నా దగ్గర ఈనాటికీ జవాబు లేదు. పథకాల పేర్లు మారవచ్చు గానీ, హాజరును యంత్రం చేతిలో పెట్టే పద్ధతి ఇక వెనక్కి పోదు. రేషను, పింఛను దగ్గర వేలిముద్ర పడక తిరిగి వెళ్లే వృద్ధుల కథా ఇలాంటిదే.

అందుకే ఓపెన్ సోర్స్ గురించి రాయవలసి వస్తోంది. ఆ మాట వినగానే చాలామంది ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ అనుకుంటారు. ధర సంగతి అటుంచితే, అసలు విషయం ఏమిటంటే, ప్రోగ్రామ్ ఏ మెట్టులో ఏ నిర్ణయం తీసుకుంటుందో రాసిన మూలపాఠాన్ని, అంటే సోర్స్ కోడ్‌ను, ఎవరైనా చదవవచ్చు, తప్పు చూపవచ్చు, తమ అవసరానికి తగ్గట్టు మార్చుకోవచ్చు. లెక్కల పరీక్షలో జవాబొక్కటే రాసి దారి చూపని పిల్లవాడికి నేనెన్నడూ పూర్తి మార్కులు వేయలేదు. కూలి కోసే యంత్రానికి మాత్రం వేస్తున్నాం.

ఇదేమీ కొత్త కోరిక కాదు. ప్రభుత్వ అప్లికేషన్ల సోర్స్ కోడ్‌ను తెరవాలని కేంద్రం 2015లోనే ఒక విధానం ప్రకటించింది. కరోనా కాలంలో ఆరోగ్య సేతు యాప్ 2020 ఏప్రిల్‌లో వచ్చినప్పుడు దాని గోప్యతపై విమర్శలు చెలరేగాయి. మే 26న ఆండ్రాయిడ్ యాప్ కోడ్‌ను ప్రభుత్వమే బయటపెట్టింది. ప్రాణభయంతో ఉన్న రోజుల్లో సాధ్యమైన పని కూలి లెక్కల విషయంలో ఎందుకు సాధ్యం కాదు?

తెరిచిన కోడ్ ఒకచోట పుట్టి మరోచోట ఆదుకుంటుంది. ఎన్నికల తర్వాత కెన్యాలో హింస చెలరేగినప్పుడు, ఎక్కడ ఎవరిపై దాడి జరిగిందో జనమే తెలియజేస్తే పటం మీద గుర్తించే ‘ఉషాహిది’ని 2008 జనవరిలో అక్కడివారు తయారుచేశారు. స్వాహిలిలో ఆ మాటకు సాక్ష్యమని అర్థం. 2010లో హైతీ భూకంపం నాటికి అదే సాధనం అక్కడ పనికొచ్చింది. 2018 వరదల్లో కేరళ స్వచ్ఛంద కార్యకర్తలు సహాయ అభ్యర్థనలను నమోదు చేయడానికి నడిపిన వెబ్‌సైటు కోడ్ కూడా బహిరంగంగానే ఉండేది. 2021 నవంబరులో మా తిరుపతి దగ్గరి రాయలచెరువు కట్ట లీకయినప్పుడు మాత్రం మేం ఎవరు పంపారో తెలియని వాట్సాప్ సందేశాలు చూసుకుంటూ, దిగువ ఊళ్లలోని బంధువులకు రాత్రంతా ఫోన్లు చేస్తూ కూర్చున్నాం.

కోడ్ తెరిస్తే దొంగలకు తాళం ఇచ్చినట్టే కదా అని ఒక మిత్రుడు అడిగారు. తెరవమంటున్నది యాప్ నడిచే తీరునే తప్ప, అందులోని జనం ఫోటోలనో ఆధార్ నంబర్లనో కాదు. గోప్యతకు పేరుపడ్డ, సందేశాలు పంపుకునే ‘సిగ్నల్’ యాప్ కోడ్ ఎవరైనా చూడవచ్చు. అయితే చూపిన కోడే సర్వర్‌లోనూ నడుస్తోందా అన్నది వేరే ప్రశ్న. దానికి స్వతంత్ర తనిఖీ ఉండాలి. ఆ మాత్రం చిక్కు ఉందని ఒప్పుకోవాలి.

రాష్ట్ర ప్రభుత్వం ఇకపై హాజరు, రేషను, పింఛను సాఫ్ట్‌వేర్లకు పిలిచే ప్రతి టెండరులో సోర్స్ కోడ్‌ను బహిరంగపరచాలన్న షరతు చేర్చాలి. సామాజిక తనిఖీ బృందాల్లో కోడ్ చదవగలిగిన వారికి చోటివ్వాలి. తిరుపతిలో ఎస్వీ విశ్వవిద్యాలయం, మహిళా విశ్వవిద్యాలయం, ఐఐటీ ఉన్నాయి, చదివేవారికి కొరత లేదు. గ్రామసభలో ‘హాజరు లేదు’ అని యాప్ చెప్పిన ప్రతి పేరునూ, ఎందుకు లేదో కారణంతో సహా, మునుపటిలాగే పైకి చదివి వినిపించాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తిరుపతి