ఆనాటి మాటతో వెతకాలి

సంపాదకులకు నమస్కారం.

మాది రాజమహేంద్రవరం. పద్దెనిమిదేళ్లుగా కాలేజీ లైబ్రరీలో పనిచేస్తున్నాను. రీసెర్చి పేపర్ల సీజన్ వచ్చిందంటే పిల్లలు కంప్యూటర్ ముందు పావుగంట కూర్చుని "ఏమీ దొరకలేదు మేడం" అంటూ లేచి వచ్చేస్తారు. మొన్న ఎం.ఏ. తెలుగు అమ్మాయి ఒకతె అలాగే వచ్చింది. కందుకూరి వీరేశలింగం గారి రచనల మీద పేపరు. ఆయన మొదటి వితంతు వివాహం జరిపించింది మా ఊళ్లోనే, 1881 డిసెంబరు 11న. ఆ ఊళ్లో కూర్చుని ఏమీ దొరకలేదంటే నాకు మనసొప్పలేదు.

ఏం కొట్టావమ్మా అని అడిగాను. "వితంతు పునర్వివాహం" అంది. అదొక్కటే! అది మనం ఇవాళ అనే మాట. ఆ రోజుల్లో విధవా వివాహము, స్త్రీ పునర్వివాహము అని రాసేవారు. చివర సున్నా కాదు, 'ము'.

ఓ తెల్లకాగితం తీసి మూడు గడులు గీయించాను. మొదటి దాంట్లో ఇప్పటి మాట, రెండో దాంట్లో అప్పటి మాటలు. మూడో గడి అసలు కష్టం. పాత పుస్తకాల స్కాన్లకు పేర్లు చాలావరకు ఇంగ్లీషు అక్షరాల్లోనే ఎక్కించారు. వీరేశలింగంలో 'వీ'కి ఒకరు ఒక ఐ వేస్తే, ఇంకొకరు రెండు ఈలు వేస్తారు. 'శ'కి ఒకచోట ఉత్త ఎస్, మరోచోట పక్కన హెచ్. అన్నీ రాయించాను. పైగా వాటిలో చాలా పుస్తకాలు ఉత్త ఫొటోలు, లోపలి మాట వెతుకులాటకు అందదు. అందుకని ఆయన నడిపిన పత్రిక పేరు 'వివేకవర్ధని', అది మొదలైన 1874 కూడా కాగితం మీదికి ఎక్కాయి. కొట్టిన ప్రతి మాట పక్కనా దొరికిందో లేదో టిక్కు పెట్టించాను. లేకపోతే మర్నాడు మళ్లీ అదే కొడతారు.

సాయంత్రానికి ఆమె నోట్సులో తొమ్మిది పుస్తకాల పేర్లు చేరాయి. ఆ మొహంలో టెన్షన్ పోయింది.

టాపిక్ ఇస్తున్నారు, చివర్లో రిఫరెన్సులు అడుగుతున్నారు. మధ్యలో వెతకడం ఎలాగో ఎవరూ చెప్పడం లేదు. టాపిక్ ఖాయం చేసేముందే లైబ్రరీలో ఒక్క పూట దీనికి కేటాయించమని తెలుగు శాఖల పెద్దలను వేడుకుంటున్నాను. మీకూ ఒక విన్నపం. పాత సంచికలు నెట్‌లో పెట్టినప్పుడు శీర్షికను ఆనాటి రాతలోనే ఉంచి, పక్కన ఇప్పటి రాత, నెల, సంవత్సరం కూడా వేయించండి.

- ఒక లైబ్రేరియన్, రాజమహేంద్రవరం