జీను ఆర్డర్ పెట్టకముందే చదువు

అమ్మలూ,

నీ దగ్గర నుంచి కబురు లేక చాలా రోజులైంది. నేనేమీ అనుకోవడం లేదు. చుక్క, భీముడు, ఈ రెండు గుర్రాలను చూసుకుంటూ ఉద్యోగం కూడా చేసుకునేవాళ్ళకు కూర్చునే తీరిక ఉండదని నాకు తెలీదా? మీ అమ్మే పొద్దున్న లేచిన దగ్గర్నుంచి ఫోను వంక చూస్తోంది. ఆవిడ పోరు పడలేక రాస్తున్నా.

ఇక్కడ అందరం బాగున్నాం. మన ముసలి గుర్రం మేఘానికి పళ్ళు అరగదీయించాం, ఇప్పుడు మేత కింద రాల్చకుండా తింటోంది. మీ అన్నయ్య లాయం పైకప్పు బాగు చేయిస్తానని ఇంకా అంటూనే ఉన్నాడు. మీ చిన్నత్త వచ్చి వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ చుక్క నిన్ను పడేసిందని ఒక మాట వదిలిపోయింది. ఆవిడ చెప్పేదాంట్లో సగం తీసేయాలని మన ఇంట్లో అందరికీ తెలిసిందే. అయితే నువ్వు అన్నయ్యకు పంపిన ఫొటోలో ఎడమ చెయ్యి జేబులో పెట్టుకుని ఉన్నావు. చలి వేసి ఉంటుంది. సరే, అది వదిలెయ్.

నేను రాయాలనుకున్నది కొత్త జీనుల గురించి. రెండింటికీ కొత్త జీనులూ కళ్ళేలూ కొంటున్నావట, ఒకే సైజు రెండింటికీ సరిపోతుంది, ఫోన్లోనే ఆర్డర్ పెట్టేస్తా అన్నావట. కొనుక్కో, వద్దనను. పాతవి ఎలా ఉన్నాయో నేను చూశాను. కానీ కొలిచి కూర్చోబెట్టే మనిషిని పిలిపించి మరీ కొను. లెక్చర్ ఇవ్వను, రెండు ముక్కలు చెప్పి ఆపేస్తా.

జీను మీద రాసి ఉండే 17 అంగుళాలు, 17న్నర అంగుళాలు నీ కూర్చునే చోటు కొలత. గుర్రానికి దానితో పనిలేదు. గుర్రానికి కావలసింది లోపలి చట్రం ఎంత వెడల్పు, ఏ వంపు అన్నది. చుక్కది పొట్టి వీపు, గుండ్రటి మూపు. భీముడి మూపు కత్తిలా పైకి లేచి ఉంటుంది. ఆ రెండింటికీ ఒకే చట్రం ఎలా కుదురుతుంది చెప్పు? చుక్కకు సరిపోయేది భీముడి మీద వేస్తే ముందుకు దిగబడి మూపు మీద కూర్చుంటుంది. భీముడిది చుక్క మీద వేస్తే రెండు పక్కలా పట్టకారులా బిగుస్తుంది.

గుర్రానికి మనలా కాలర్‌బోన్ ఉండదు. ముందుకాళ్ళు రెండూ ఒంటికి కండరాలతోనే పట్టుకుని ఉంటాయి. కాలు ముందుకు చాచినప్పుడల్లా భుజం ఎముక పైభాగం వెనక్కి జారుతుంది. జీను ఒక్క రెండు అంగుళాలు ముందుకు పెట్టినా ఆ ఎముక అడుగడుగునా చట్రానికి తగులుతూనే ఉంటుంది. తగిలేచోటికి పోవడం ఎవరికి ఇష్టం? అందుకే అడుగు చిన్నదవుతుంది, నడక బిగుసుకుంటుంది, పైన కూర్చున్నవాళ్ళు దీనికి బద్ధకం అంటారు. వెనక వైపు హద్దు ఆఖరి పక్కటెముక. మామూలుగా 18 జతలుంటాయి. ఆ 18వ దాన్ని వేళ్ళతో తడిమి, అక్కడి నుంచి పైకి గీత గీసినట్టు చూసుకో, బరువు మోసే భాగం అక్కడికి అయిపోవాలి. ఆ వెనక ఉన్నది నడుము, దానికి పక్కటెముకల ఆసరా లేదు. పొట్టి వీపు గుర్రాల దగ్గర చిక్కంతా ఇదే. మనకు సరిపడే జీను వాటి వీపు కంటే పొడవుగా ఉంటుంది.

మీ మామయ్య గుర్రం రాజా సంగతి నీకు గుర్తుందో లేదో, అప్పుడు నువ్వు చిన్నపిల్లవి. వినే ఉంటావు, కానీ ఆయన చెప్పే కథ వేరు. రాజా ఎంత మంచి గుర్రమో అందరికీ తెలుసు, పిల్లలు తోక పట్టుకుని లాగినా ఊరుకునేది. అలాంటిది ఒక ఏడాది ఉన్నట్టుండి పొట్టపట్టీ బిగించబోతే చెవులు వెనక్కి పెట్టి, తల తిప్పి కొరకబోయేది. ఎక్కాక ముందుకు నడవదు. ట్రాట్‌లోకి, అంటే చిన్న పరుగులోకి, వెళ్ళమంటే తోక విసురుతుంది. మామయ్య దానికి పొగరెక్కింది అన్నాడు. నోట్లో పెట్టే ఇనుప బిట్ మార్చాడు. ముక్కు పట్టీ ఇంకో రంధ్రం బిగించాడు. జీను కింద మెత్తటి ప్యాడ్ వేశాడు, అది చాలదని దాని మీద ఇంకొకటి. ఎవరో గొర్రెతోలు ప్యాడ్ మంచిదన్నారని అదీ తెప్పించాడు. పాపం ఖర్చుకు వెనకాడలేదు, కానీ పెట్టిన ప్రతి రూపాయీ రాజా వీపుని ఇంకాస్త నొక్కింది. చివరికి ఒకరోజు కాంటర్‌లో, అంటే ఇంకాస్త జోరు పరుగులో, ఆయన్ని కిందికి దింపింది. గుర్రాన్ని అమ్మేస్తానని ఇంటికొచ్చి కూర్చున్నాడు. మీ అత్తయ్యే పట్టుబట్టి జీను కొలిచి కూర్చోబెట్టే ఒక ఫిట్టర్‌ని పిలిపించింది.

ఆ ఫిట్టర్ సన్నటి ఆవిడ, సంచీ మాత్రం ఆవిడకంటే పెద్దది. వచ్చి చాలాసేపు జీను ముట్టుకోలేదు. మామయ్యకు అక్కడే ఒళ్ళు మండింది, నడిచేది చూడ్డానికి డబ్బులివ్వాలా అని నా చెవిలో గొణిగాడు. ఆవిడ రాజాని చదును నేల మీద నాలుగు కాళ్ళూ సమంగా నిలబెట్టించింది. వెనక స్టూలు వేసుకుని నిలబడి పైనుంచి రెండు భుజాలూ చూసింది. ఎడమ భుజం పెద్దదట. చాలా గుర్రాలకు అలాగే ఉంటుందట, అందుకే చట్రం పెద్ద భుజానికి సరిపెట్టి, రెండో వైపు ఖాళీని మెత్తతో నింపుతారట. తర్వాత వేళ్ళ కొసలతో వెన్నుకు అటూ ఇటూ నెమ్మదిగా నొక్కుకుంటూ వెళ్ళింది. ఒకచోట రాజా వీపు ఒక్కసారి కిందికి కుంగింది. ఆవిడ ఏమీ అనలేదు, మూపు పక్కన వెంట్రుకలు విడదీసి మామయ్యకు చూపించింది. తెల్ల వెంట్రుకలు, ఓ పది పన్నెండు ఉంటాయి. వయసు మీద పడుతోంది అన్నాడు మామయ్య. వయసైతే ఇలా ఒక్కచోటే ఎందుకు నెరుస్తుంది అంది ఆవిడ. ఒత్తిడికి కుదుళ్ళు దెబ్బతింటే అక్కడ తెల్లగానే వస్తాయి.

వంచితే వంగి అలాగే నిలిచే స్కేలు ఒకటి ఉంటుంది, దాన్ని మూపు వెనక ఒకచోట, ఇంకాస్త వెనక మరోచోట ఆనించి, ఆ ఆకారాన్ని అట్ట మీద గీసింది. అప్పుడు జీను అడిగింది. దాన్ని తిరగేసి ఒడిలో పెట్టుకుని ముందు భాగం, వెనక భాగం రెండు చేతులతో దగ్గరికి నొక్కింది. కిర్రుమంది. మళ్ళీ నొక్కింది, మళ్ళీ కిర్రుమంది. లోపల చట్రం విరిగిపోయి ఉంది, తోలు పైకి మాత్రం అద్దంలా మెరుస్తోంది. ఎప్పుడో రాజా జీనుతో సహా పొర్లిందని పనివాడు అప్పుడు చెప్పాడు, చెబితే తిడతారని ఊరుకున్నాడట. ప్యాడ్ల దొంతర చూసి ఆవిడ, బిగుతు చెప్పుల్లో రెండు జతల మేజోళ్ళు వేసుకుంటారా అని అడిగింది. మీ అత్తయ్య నవ్వాపుకోలేక లోపలికి వెళ్ళిపోయింది. మామయ్యేమో నా జీను ఎవడో మార్చేశాడనే ఇప్పటికీ అంటాడు. కొత్త జీనుకు రాజా వెంటనే ఏమీ మారలేదు, వీపు కండరం మళ్ళీ పుంజుకోవడానికి నెలలు పట్టింది. కానీ పొట్టపట్టీ దగ్గర కొరకడం మానేసింది. మరో పదేళ్ళు ఆ ఇంట్లోనే ఉంది.

ఇదంతా ఎందుకంటే, చుక్కని అమ్మేద్దామనుకుంటున్నావని కూడా చిన్నత్తే చెప్పింది. అమ్మితే అమ్ము, నీ గుర్రం నీ ఇష్టం. దాని వీపు ఎవరైనా తెలిసినవాళ్ళు తడిమి చూశాక అమ్ము. ఒకవేళ నిన్ను పడేసిందే నిజమైతే, పడేయడానికి ముందు అది ఎన్నాళ్ళ నుంచి చెబుతోందో ఆలోచించు. చెవులు, తోక, పళ్ళు, అంతకంటే వాటికి భాష ఏముంటుంది?

మంచి ఫిట్టర్‌ని ఎలా పట్టుకోవాలి అంటావు. నేర్చుకుని పరీక్ష రాసినవాళ్ళుంటారు, బ్రిటన్‌లో 1966లో పెట్టిన సొసైటీ ఆఫ్ మాస్టర్ సాడ్లర్స్ లాంటివి అలా తయారుచేసి పట్టా ఇస్తాయి. ఒకే కంపెనీ జీనులు అమ్మేవాళ్ళకు ఏ గుర్రాన్ని చూసినా ఆ కంపెనీ జీనే సరిపోతుంది, కాస్త జాగ్రత్త. నిన్ను ఎక్కించకుండా, నడకలో, ట్రాట్‌లో, కాంటర్‌లో రెండు వైపులా తిప్పి చూడకుండా సరిపోయింది అనేవాళ్ళను వెంటనే పంపించెయ్. నువ్వు ఎక్కాక కూడా మూపు పైన రెండు మూడు వేళ్ళ సందు ఉండాలి, వెన్ను మీదుగా వెనక నుంచి చూస్తే వెలుతురు కనిపించాలి. మధ్యలో తగలకుండా ముందూ వెనకా మాత్రమే ఆనితే వంతెన వేసినట్టు, అదీ పనికిరాదు.

వాళ్ళు వచ్చే రోజుకి ముందే పశువైద్యుడికీ, లాడాలు కొట్టే ఆయనకీ చూపించు. కాలు నొప్పితో కుంటేదానికి జీను ఎంత మార్చినా లాభం లేదు. ఒళ్ళు శుభ్రంగా, పొడిగా ఉండాలి. అంతకు ముందే పరుగెత్తించకు. పాత జీను కూడా బయట పెట్టు, దాన్ని చూసే సగం తెలుసుకుంటారు. ఎక్కేటప్పుడు నువ్వు ఎప్పుడూ వేసుకునే బూట్లే వేసుకో. నువ్వు ఒక పక్కకు ఒరిగి కూర్చుంటే జీను జరుగుతున్నది గుర్రం వల్లా నీ వల్లా అన్నది వాళ్ళకు అర్థం కాదు. కాబట్టి చెయ్యో భుజమో నొప్పిగా ఉంటే ముందే చెప్పాలి. వాళ్ళకైనా చెప్పు.

కళ్ళెం సంగతి తేలిగ్గా తీసుకోకు, జీను కొన్నాక మిగిలినదాంతో కొనేది కాదు అది. నుదుటి పట్టీ పొట్టిదైతే తల మీది పట్టీని ముందుకు లాగి చెవుల మొదట్లోకి నొక్కుతుంది. తల విదిలించే గుర్రాల్లో కొన్నిటికి రోగం అదే. చుక్క నుదురు వెడల్పు, మార్కెట్లో సైజుల పేర్లు నమ్మకు, టేపు పెట్టి కొలిపించు. గొంతు పట్టీ కింద నీ పిడికిలి పట్టాలి. ముక్కు పట్టీ దవడ పక్కన వేళ్ళు పెట్టి చూస్తే ఎప్పుడూ వదులుగానే ఉన్నట్టుంటుంది, అక్కడ ఎముక లేదు కాబట్టి. ముక్కు ఎముక మీద, సరిగ్గా మధ్యలో రెండు వేళ్ళు పట్టాలి. 2017లో అచ్చయిన పరిశోధనలో పోటీ గుర్రాలు 750 చూస్తే, అలా రెండు వేళ్ళు పట్టినవి 7 శాతమే. 44 శాతానికి ఒక్క వేలు కూడా దూరలేదు. పెద్ద పెద్ద రైడర్లు కదా వాళ్ళంతా! 2025లో ఎఫ్‌ఈఐ, అంటే అంతర్జాతీయ గుర్రపు స్వారీ పోటీల సమాఖ్య వాళ్ళు ఇక వేళ్ళ లెక్క చాలదని కొలత పరికరమే తెచ్చారు. భీముడికి బిట్ మార్చేముందు పళ్ళు చూపించు, వాడు ఒక వైపుకే తల తిప్పుతున్నాడని పోయినసారే అన్నాను, నువ్వు వినలేదు.

కొత్త జీను వచ్చాక మొదట్లో కొద్దిసేపే ఎక్కు. లోపలి ఉన్ని అణిగి సర్దుకుంటుంది, కొన్ని నెలలకు మళ్ళీ పిలిపించి సరిచేయించాలి. ఆ తర్వాత కూడా ఏడాదికి రెండుసార్లయినా చూపించు. చుక్క ఇంకా ఎదిగే వయసులో ఉంది, ఈ కాలం వీపు వచ్చే కాలానికి ఉండదు. జీను తీసిన ప్రతిసారీ చెమట గుర్తులు చూడు. చుట్టూ తడిసి ఒకచోట పొడిగా ఉంటే అక్కడ బాగా నొక్కుతోందన్నా కావాలి, అసలు ఆనడం లేదన్నా కావాలి. చేత్తో తడిమితే తెలుస్తుంది.

రెండు ముక్కలన్నాను కదా. మీ అమ్మ భుజం మీద నుంచి చదివి, పుస్తకం రాస్తున్నావా అంటోంది. ఇంకొక్కటే. హెల్మెట్ ఒకసారి గట్టిగా నేలకు తగిలితే ఇక దాన్ని వాడకూడదు, పైకి గీత లేకపోయినా లోపల నలిగిపోయి ఉంటుంది. ఊరికే చెబుతున్నా. నీదెలా ఉంది? కొత్తది కావాలంటే నీ తల చుట్టుకొలత రాసి పంపు, ఎందుకని అడగను.

ఫిట్టర్ వచ్చే తారీకు తెలియగానే చెప్పు. నేను వచ్చి చేసేదేమీ లేదు, వాళ్ళ పని వాళ్ళు చేసుకుంటారు. కాకపోతే చుక్క కొత్తవాళ్ళ దగ్గర నిలబడదు, దాన్ని పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి, ఆ రోజు భీముణ్ణి ఎవరు చూస్తారు? ముందురోజు సాయంత్రానికే వచ్చేస్తాను. మీ అమ్మ కూడా వస్తానంటోంది. పక్కలు సర్దే పని పెట్టుకోకు, అవి మేం చేసుకుంటాం, నువ్వు చేత్తో బరువులు ఎత్తకు.

మీ నాన్న