మందు ఇవ్వకుండా ఆపినందుకు కృతజ్ఞతలు

పోయిన వారం మా అమ్మకి పెద్ద ప్రమాదం తప్పింది. తప్పించింది మందుల షాపులో కౌంటర్ వెనక ఉన్న ఫార్మసిస్ట్. పేరు రాయవద్దని ఆవిడ కోరారు కాబట్టి రాయడం లేదు. జరిగింది మాత్రం నలుగురికీ చెప్పాలి.

అమ్మకి రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే కీళ్లు వాచి నొప్పిపెట్టే జబ్బు. నాలుగేళ్లుగా దానికి మెథోట్రెక్సేట్ అనే మాత్ర వాడుతోంది. వారానికి ఒక్కసారే, ఆదివారం రాత్రి. తన మందులన్నీ తనే చూసుకుంటుంది, ఆ లెక్క నాకెప్పుడూ తెలియలేదు. ఈమధ్య మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చి, జ్వరంతో మూడు రోజులు ఆస్పత్రిలో ఉంది. ఇంటికొచ్చాక బాగా నీరసంగా ఉండటంతో డిశ్చార్జి చీటీ పట్టుకుని నేను బయల్దేరాను.

షాపులో ఫార్మసిస్ట్ చీటీ చూస్తూ ఒక్కో మందూ తీసి పక్కన పెడుతున్నారు. మధ్యలో ఆగిపోయారు.

"ఈ మెథోట్రెక్సేట్ అమ్మగారు ఏ రోజు వేసుకుంటారండీ?"

"రోజూ రాత్రి అని రాసి ఉంది కదండీ."

"రాసింది చూశాను. ఇదివరకు ఎలా వేసుకునేవారో ఒకసారి ఆవిడనే అడగండి."

ఫోన్ చేస్తే అమ్మ వెంటనే చెప్పింది, ఆదివారం ఒక్కరోజేనని. సరే, వారానికొకసారే వేస్తాం, ఇచ్చేయండి అన్నాను. అమ్మ ఇంట్లో ఒంటరిగా ఉందన్న టెన్షన్ నాది. ఆవిడ ఒప్పుకోలేదు. ఇన్ఫెక్షన్‌కి రాసిన కో-ట్రైమాక్సజోల్ అనే యాంటీబయాటిక్‌కీ దీనికీ పడదని, డాక్టర్‌తో మాట్లాడకుండా ఈ రెండూ ఇవ్వలేనని చెప్పారు. నాకు విసుగొచ్చింది, అది నా మొహంలో తెలిసిపోయే ఉంటుంది. మేడమ్, అందుకు మనస్ఫూర్తిగా క్షమాపణ అడుగుతున్నాను.

చీటీలో ఉన్న నంబరుకి ఆవిడే ఫోన్ చేశారు. ఎత్తలేదు. మళ్లీ చేశారు. దాదాపు 40 నిమిషాలు పట్టింది, మధ్యలో వచ్చినవాళ్లకి మందులిస్తూనే ఉన్నారు. చివరికి అక్కడి డాక్టర్ లైన్లోకి వచ్చి, చీటీ రాయడంలో పొరపాటు జరిగిందని ఒప్పుకుని యాంటీబయాటిక్ మార్చారు. అమ్మని మామూలుగా చూసే కీళ్ల డాక్టర్ కూడా, ఇన్ఫెక్షన్ తగ్గేదాకా మెథోట్రెక్సేట్ ఆపమని, రక్తకణాల లెక్క, కిడ్నీ పరీక్ష చేయించమని చెప్పారు.

ఆ తర్వాత ఆవిడ నాకు ఓపిగ్గా వివరించారు. శరీరంలో కొత్త కణాలు పుట్టాలంటే ఫోలేట్ అనే విటమిన్ కావాలి. మెథోట్రెక్సేట్ ఆ ఫోలేట్ పనికి అడ్డుపడుతుంది. వారానికి ఒకసారైతే శరీరం తట్టుకుంటుంది, దుష్ప్రభావాలు తగ్గడానికి ఫోలిక్ యాసిడ్ కూడా ఇస్తారు. అదే రోజూ వేసుకుంటే ఎముక మజ్జ దెబ్బతిని తెల్ల రక్తకణాలు, ప్లేట్‌లెట్లు పడిపోతాయి. నోట్లో పుళ్లు, జ్వరం, ఒంటిమీద కమిలిన మచ్చలు కనిపించేసరికే ఆలస్యమై ఉండొచ్చు. ప్రాణాలు పోయిన సందర్భాలూ ఉన్నాయి. కో-ట్రైమాక్సజోల్‌లో ఉండే ట్రైమెథోప్రిమ్ కూడా అదే ఫోలేట్ మీద దెబ్బ కొడుతుంది. పైగా మెథోట్రెక్సేట్ బయటికి పోయేది ఎక్కువగా కిడ్నీల ద్వారానే. పెద్ద వయసులో కిడ్నీలు కాస్త నెమ్మదించినా మందు ఒంట్లోనే పేరుకుపోతుంది. అంటే ఒకే చీటీలో మా అమ్మకి రెండు ప్రమాదాలు రాసి ఉన్నాయి.

ఆవిడ వెనక గోడకి ఫోటోతో ఉన్న రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ వేలాడుతోంది. ఇన్నేళ్లలో అలాంటివి ఎన్నో చూశాను, ఒక్కటీ చదవలేదు. షాపు నడపడానికి ఇచ్చే అనుమతి వేరు, మనిషి పేరు మీద ఇచ్చే రిజిస్ట్రేషన్ వేరు అని అప్పుడే తెలిసింది. రెండోదాని వెనక ఏళ్ల చదువు, శిక్షణ ఉంటాయి. చాలా దేశాల్లో విడిగా పరీక్ష కూడా పాసవ్వాలి. కొన్నిచోట్ల కొత్త విషయాలు నేర్చుకుంటున్నట్టు చూపిస్తేనే రెన్యువల్. తీవ్రమైన తప్పు చేస్తే రిజిస్టర్‌లోంచి పేరు తీసేయవచ్చు కూడా. అంత బాధ్యత మోస్తున్న మనిషిని నేను ఇన్నాళ్లూ మందు అందించే మనిషిగానే చూశాను.

13వ శతాబ్దంలోనే రెండో ఫ్రెడరిక్ చక్రవర్తి తన సిసిలీ రాజ్యంలో వైద్యుడి పని, మందులిచ్చేవాళ్ల పని వేరు చేస్తూ, వాళ్లిద్దరూ కలిసి వ్యాపారం చేయకూడదని చట్టం చేశాడని ఎక్కడో చదివాను. అప్పుడు చరిత్రలో ఒక ముక్కలాగే అనిపించింది. చీటీ రాసిన చేతితో సంబంధం లేని ఇంకో జత కళ్లు దాన్ని ఎందుకు చూడాలో మొన్న అర్థమైంది.

సర్టిఫికెట్ ఒకరి పేరున ఉండి, కౌంటర్లో ఇంకొకరు నిలబడే షాపులూ ఉన్నాయని విన్నాను. ఇదివరకు కాగితాల గొడవలే అనుకునేదాన్ని. ఆ రోజు ఆవిడ లేకుండా సర్టిఫికెట్ ఒక్కటే ఉండి ఉంటే, "ఏ రోజు వేసుకుంటారు" అని అడిగేవాళ్లే ఉండేవారు కాదు. నేను సంచీ తీసుకుని ఇంటికెళ్లి, ఆ రాత్రే అమ్మ చేతిలో మాత్ర పెట్టేదాన్ని.

మేడమ్, మీరు అమ్మకపోవడం వల్ల మా అమ్మ బాగుంది. పరీక్షల్లో రక్తకణాలు సరిగ్గానే ఉన్నాయి, జ్వరం పూర్తిగా తగ్గింది. కీళ్ల డాక్టర్ మళ్లీ మొదలుపెట్టమన్నాక మీ దగ్గరే తీసుకున్న ఆ పెట్టె మీద పెన్నుతో పెద్ద అక్షరాలతో "ఆదివారం మాత్రమే" అని రాసిచ్చారు. అమ్మ దాన్ని కళ్లజోడు పక్కనే పెట్టుకుంది. మిమ్మల్ని స్వయంగా చూసి చెప్పాలట, కాస్త ఓపిక రాగానే తీసుకొస్తాను.