ప్లస్ పవర్ వారికి విడిగా చెప్పాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

పది నిమిషాల్లో కళ్లద్దాలు తీసేయొచ్చంటూ వచ్చే లేజర్ ప్రకటనల్లో మైనస్ పవర్‌కీ (దూరంవి సరిగా కనబడనివారిది) ప్లస్ పవర్‌కీ (దగ్గరవి సరిగా కనబడనివారిది) తేడా ఎక్కడా చెప్పరు. ఆ తేడా తెలియకే మేం బాధపడ్డాం.

మా ఆవిడ ఇంట్లోనే బ్లౌజులు కుడుతుంది. చిన్నప్పటి నుంచీ రెండు కళ్లకూ ప్లస్ మూడు. నిరుడు ఓ ఆసుపత్రిలో కార్నియా (కంటి ముందుండే అద్దంలాంటి పొర) పలచగా ఉందని పైపొర తీసి లేజర్ చేశారు. మూడో నెలకల్లా సూదిలో దారం ఇట్టే ఎక్కించేస్తోంది. చీకటి పడితే మాత్రం వీధి దీపం చుట్టూ తెల్లటి వలయం, ఎదురొచ్చే బండి లైటు చెదిరిపోయి కళ్లలో గుచ్చుకోవడం. చూపిస్తే 'హేజ్', అంటే కార్నియా మీద మసక, వచ్చిందన్నారు. ఆ మాట వినడం అదే మొదటిసారి.

తర్వాత ఇంకో డాక్టరు గారు కాగితం మీద గీసి చూపించారు. మైనస్ పవర్‌కి కార్నియా మధ్యభాగాన్ని చెక్కి చదును చేస్తారట. ప్లస్‌కి మధ్యను వదిలి చుట్టూ గాడిలా చెక్కుతారు, దాంతో మధ్యభాగం ఉబ్బెత్తుగా తేలుతుంది. గాయం మానేటప్పుడు మసక వస్తే ఆ గాడి వెంట ఉంగరంలా వస్తుంది. పగలు కంటిపాప చిన్నదిగా ఉంటుంది కాబట్టి అంతగా తెలియదు, రాత్రి పాప విప్పారగానే బయటపడుతుంది. దిద్దిన పవర్ కొంత మళ్లీ రావడం కూడా ప్లస్ వారిలోనే ఎక్కువట.

లేజర్ అయ్యాక కొన్ని నెలలు ఎండలో చలవ కళ్లద్దాలు పెట్టుకోవాలనీ, స్టెరాయిడ్ చుక్కలు వాడినన్నాళ్లూ కంటి ప్రెషర్ చూపించుకోవాలనీ అప్పుడే తెలిసింది. అప్పటికే మా ఆవిడ వడియాలు ఎండబెట్టడానికి ఎన్ని మిట్టమధ్యాహ్నాలు డాబా ఎక్కిందో! చుక్కలతో ఎనిమిదో నెలకు మసక చాలావరకు తగ్గింది. ఆ ఎనిమిది నెలల టెన్షన్ ఎవరికీ వద్దు.

మేం సంతకం పెట్టిన అంగీకార పత్రం ఆరు పేజీలూ ఇంగ్లీషే. అందులో ఇవన్నీ ఉన్నాయేమో, మాకు అర్థమయ్యేలా చెప్పినవారు లేరు. రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్య శాఖలూ ఈ పత్రం తెలుగులో ఉండాలని ఆదేశించాలి. ప్లస్ పవర్ వారికి అందులో ఒక పేజీ విడిగా ఉండాలి. మొదటి ఏడాది ఏయే నెలల్లో పరీక్షకు రావాలో, వాటికి ఫీజు ఎంతో డబ్బు కట్టకముందే రాసివ్వాలి.

- ఒక పాఠకుడు, తెనాలి