మంత్రి గారూ, మా ర్యాప్ జంటలకు శాలువా వద్దు, సౌండ్ చెక్ ఇప్పించండి

రాష్ట్ర సాంస్కృతిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఉత్సవాల్లో ర్యాప్ పాడే కుర్రాళ్లను పిలిచి, శాలువా కప్పి, మెమెంటో ఇచ్చి, ఫొటో తీసి పంపించడం మామూలైపోయింది. ఆ గౌరవాన్ని కాదనడం లేదు. కానీ శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఒక ర్యాప్ జంట నాలుగేళ్లు నిలదొక్కుకోవాలంటే జనం ముందు, సరైన సౌండుతో, డబ్బు చేతికందే ప్రదర్శనలు కావాలి. అవి చాలావరకు మీ శాఖ చేతిలోనే ఉన్నాయి కాబట్టి ఈ లేఖ మీకే రాస్తున్నాం.

ఇక్కడ సొంతంగా చేసే హిప్‌హాప్ ఎక్కువగా ఇద్దరి పని. ఒకరు రాసి పాడతారు, ఇంకొకరు బీటు (పాట వెనక నడిచే దరువు, సంగీతం) కట్టి, రికార్డు చేసి, మిక్సింగ్ చూస్తారు. వాళ్లు పాడేది కార్ల గురించీ గొలుసుల గురించీ కాదు. కవిటి, సోంపేట, పలాస వైపు కిడ్నీ జబ్బులు, వేట కోసం గుజరాత్ దాకా పోయే మత్స్యకారులు, 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను కూల్చేసిన కొబ్బరి, జీడితోటలు వాళ్ల పాటల్లో ఉంటాయి. సినిమావాళ్లు ఇన్నాళ్లూ నవ్వులాటకు వాడుకున్న సిక్కోలు యాసలోనే పాడతారు. జనం బాధను జనం యాసలో పాడటం ఈ నేలకు కొత్త కాదని, వంగపండు ప్రసాదరావు గారి గొంతు విన్నవాళ్లకు మేం చెప్పనక్కర్లేదు. జముకు అనే జానపద వాయిద్యం దరువును రికార్డు చేసి బీటులో కలుపుకుంటున్నవాళ్లూ ఉన్నారు.

“యూట్యూబులో పెడితే డబ్బులొస్తాయి కదా” అని చాలామంది అధికారులు అంటుంటారు. లెక్క చూడండి. ప్రకటనల ఆదాయంలో వాటా రావాలంటే ఛానెల్‌కు 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఆ పైన 12 నెలల్లో 4,000 గంటల వీక్షణ ఉండాలి. లేదంటే 90 రోజుల్లో షార్ట్స్‌ను కోటిసార్లు చూసి ఉండాలి. మూడు నిమిషాల పాటను ప్రతివాడూ చివరిదాకా విన్నా 4,000 గంటలు కావడానికి 80,000 సార్లు వినాలి. స్పాటిఫై అయితే 2024 నుంచి, 12 నెలల్లో 1,000 ప్లేలు దాటని పాటకు రికార్డింగు రాయల్టీ లెక్కే కట్టడం లేదు. దీనికితోడు బీటుల గొడవ ఒకటి. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే బీటును అదే లైసెన్సుతో ఎంతమందికైనా అమ్ముతారు. కొన్నవాళ్లలో ఎవరో ఒకరు తన పాటను కంటెంట్ ఐడీలో (ఎవరి పాట ఎక్కడ వాడారో యూట్యూబు తనంతట తానే పట్టే ఏర్పాటు) నమోదు చేశాడా, మనవాళ్ల పాట మీద క్లెయిము పడి, వచ్చే ఆ నాలుగు రూపాయలూ అటే పోతాయి. జంటలో ఒకరు బీటు కట్టడం నేర్చుకునేది అందుకే. ఎటు తిప్పి చూసినా చివరికి బతికించేది స్టేజీ ప్రదర్శనే.

ఆ స్టేజీ దగ్గరే అసలు ఇబ్బంది మొదలవుతుంది. ప్రభుత్వ కార్యక్రమాలకు వచ్చే సౌండ్ సెట్టు ఉపన్యాసాలకూ యాంకరింగుకూ అమర్చింది. మైకుకు ఎకో పెట్టే ఉంటుంది. వక్తకు అది నిండుదనం ఇస్తుందేమో గానీ, ర్యాపులో మాట మీద మాట పడి ఒక్క ముక్కా అర్థం కాదు. పాడేవాళ్ల వైపు తిప్పిన మానిటర్ బాక్సులు ఉండవు. నిమిషానికి 90 దెబ్బల వేగంతో నడిచే పాటలో ఒక దెబ్బను నాలుగు ముక్కలు చేస్తే ఒక్కో ముక్క 167 మిల్లీసెకన్లు. ర్యాపర్ సాధారణంగా ఒక్కో ముక్కకు ఒక్కో అక్షరం వేస్తాడు. హాలు వెనకగోడ స్టేజీకి 28, 29 మీటర్ల దూరంలో ఉంటే, బాక్సుల్లోంచి వెళ్లిన శబ్దం గోడకు తగిలి తిరిగి రావడానికి దాదాపు అంతే సమయం పడుతుంది. అంటే తన గొంతే ఒక అక్షరం వెనకగా అతని చెవిలో పడుతుంది. దాన్ని అందుకోవాలని చూస్తే బీటు ముందుకు పోతుంది, పాట జారిపోతుంది. కింద కూర్చున్నవాళ్లు “కుర్రాడికి తాళం లేదు” అంటారు. తాళం అతనికి బాగానే ఉంది, స్టేజీ మీద మానిటరే లేదు.

బీటు సంగతి మరీ ఘోరం. ల్యాప్‌టాప్ హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి నేరుగా మిక్సరుకు వైరు లాగితే ఎర్తింగు తేడాతో గుయ్‌మని శబ్దం వస్తుంది. మధ్యలో డీఐ బాక్సు అనే చిన్న డబ్బా పెడితే చాలావరకు పోతుంది. అది లేదని ఫోనును బ్లూటూతుకు కలిపి పాట వేయమంటారు. మధ్యలో ఎవరో ఫోను చేస్తే బీటు ఆగి రింగ్‌టోన్ మోగుతుంది, జనం నవ్వుతారు. ర్యాపు పాటకు అడుగున నడిచే బేస్ 40 నుంచి 60 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. సబ్‌వూఫర్ (బేస్ కోసమే ఉండే పెద్ద బాక్సు) లేని సెట్టులో అది వినపడనే వినపడదు, పాట సగం ఖాళీ అయిపోతుంది.

కాబట్టి మీరు చేయాల్సిన మొదటి పని పెద్ద ఖర్చుతో కూడింది కాదు. ఉత్సవాల సౌండుకు పిలిచే టెండరు షరతుల్లో ఒక పేరా చేర్చండి: పాటకు రెండు మైకులు, వేరే ఎవరైనా చేరితే మూడోది, స్టేజీ మీద రెండు మానిటర్లు, రెండు సబ్‌వూఫర్లు, ఒక స్టీరియో డీఐ బాక్సు, గొంతు మీద ఎకో తీసేయడం, జనం రాకముందు 20 నిమిషాల సౌండ్ చెక్. ఇవి ఉంటే ర్యాపర్‌తోపాటు తప్పెటగుళ్ల దళం, జముకుల కథ చెప్పేవాళ్లు, గిటారు పట్టుకొచ్చిన కాలేజీ పిల్ల కూడా బాగుపడతారు.

ఇక వేళ సంగతి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట మైకు వాడకూడదు. సాంస్కృతిక, మతపరమైన పండుగలకు ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా సడలించే అధికారం రాష్ట్రానికి ఉంది. నిబంధన మంచిదే, దాన్ని మార్చమనడం లేదు. ఇబ్బందల్లా కార్యక్రమం వేసే పద్ధతిలో ఉంది. ఉపన్యాసాలు సాగి సాగి, ర్యాపు జంట వంతు 9.45కు వస్తుంది. రెండో పాట మధ్యలో మైకు ఆగిపోతుంది. వాళ్లను సాయంత్రం 7 గంటలకు వేయించండి. ఉపన్యాసాలు తర్వాత పెట్టుకుంటే వినేవాళ్లు ఎలాగూ ఉంటారు (ఉండకపోతే ఆ తప్పు మా కుర్రాళ్లది కాదు).

అనుమతుల నిబంధన ఒక ఊరి సంగీతాన్ని ఎలా నొక్కేయగలదో అమెరికాలోని సియాటిల్‌ను చూస్తే తెలుస్తుంది. అక్కడ 1985లో పెట్టిన చట్టం ప్రకారం చిన్న వయసువాళ్లు వచ్చే డాన్సులకు, కచేరీలకు పది లక్షల డాలర్ల బీమా చూపించాలి, డ్యూటీలో లేని పోలీసులను డబ్బిచ్చి పెట్టుకోవాలి. చిన్న నిర్వాహకుడు దాని జోలికే పోలేడు. 2002లో ఆ చట్టం పోయి కాస్త తేలికైంది వచ్చింది. అదే ఏడాది అదే ఊళ్లో ఒక పాటగాడు, ఒక బీటు కట్టేవాడు కలిసి బ్లూ స్కాలర్స్ అని మొదలుపెట్టారు. వలస కుటుంబాల గురించి, కూలి గురించి పాడుకుంటూ ఊరూరా తిరిగి శ్రోతలను సంపాదించుకున్నారు. 2011 ఆల్బమ్‌కు ఆ శ్రోతలే కిక్‌స్టార్టర్ అనే ఆన్‌లైన్ చందాల వేదిక ద్వారా డబ్బు పోగేశారు. ఎదురుగా నిలబడి విన్నవాళ్లే జేబులోంచి తీసి ఇస్తారు, ఫోన్లో వేలితో పైకి తోసేసేవాళ్లు ఇవ్వరు.

డబ్బు చెల్లింపులో రెండు మెలికలు ఉన్నాయి. జానపద, శాస్త్రీయ కళాకారుడి ప్రదర్శనకు పారితోషికం 1.5 లక్షల రూపాయలు దాటకపోతే జీఎస్టీ మినహాయింపు ఉంది. ర్యాపు ఆ రెండు పేర్లలోకీ రాదంటారు. సరే, ఏడాది రాబడి 20 లక్షలు దాటనివాళ్లకు అసలు నమోదే అక్కర్లేదు. అయినా జీఎస్టీ నంబరు లేని బిల్లు తీసుకోం అని తిప్పి పంపే గుమాస్తాలు ఉన్నారు. ఒక చిన్న సర్క్యులర్‌తో ఇది తేలిపోతుంది. ఇక బిల్లు ఎప్పటికి పాసవుతుందో తెలియదు. ఉద్యమ్ (చిన్న సంస్థల కోసం కేంద్రం పెట్టిన పోర్టల్) నమోదు ఉన్న చిన్న సంస్థకు 45 రోజుల్లోపు చెల్లించాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం అంటోంది. జంటలను ఆ నమోదు చేయించుకోమని మేమూ చెబుతున్నాం. ఆ గడువును మీ కార్యాలయాలు పాటించేలా చూడండి.

జనానికి అవగాహన కోసం ప్రభుత్వం చేయించుకునే పాటల ఒప్పందాల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ప్రభుత్వం చేయించిన పాటకు, వేరే ఒప్పందం లేకపోతే, కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం మొదటి హక్కుదారు ప్రభుత్వమే. హక్కు 60 ఏళ్లు. అంటే ఆ ఇద్దరూ తమ పాటను తమ ఛానెల్‌లో పెట్టుకోవాలన్నా అడగాలి. ఏడాదికి నాలుగు పాటలు చేసే జంటకు అందులో ఒకటి ఇలా పోవడం చిన్న నష్టం కాదు. పాట హక్కు జంట దగ్గరే ఉంచి, శాఖ రెండేళ్లు ఎక్కడైనా వాడుకునేలా రాతపూర్వక లైసెన్సు తీసుకుంటే ఇద్దరికీ సరిపోతుంది. అందులో కాలం, ప్రాంతం తప్పక రాయండి. హక్కులు రాసిచ్చే పత్రంలో అవి లేకపోతే చట్టం 5 ఏళ్లు, దేశమంతా అని లెక్కేసుకుంటుంది.

పాట ముందుగా చూపించమంటే చూపిస్తారు. తప్పుడు సమాచారం ఉంటే దిద్దండి. కానీ కిడ్నీ జబ్బు మీద పాట రాయించుకుని, “నీళ్లు బాగా తాగండి” అన్న చరణం ఉంచి, “ఆ నీళ్లు ఎక్కడివి” అన్న చరణం కొట్టేయమంటే మాత్రం రాసేవాడు ఇంకోసారి రాడు. వచ్చినా అతని ఊరివాళ్లు అతని పాట వినరు.

చివరిది రికార్డింగు గది. విజయనగరంలో 1919 నుంచి సంగీత కళాశాల ఉంది, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్‌గా పనిచేసిన చోటు. అక్కడ పది అడుగులకు పన్నెండు అడుగుల గది ఒకటి సాయంత్రాలు ఇప్పించండి. గుడ్ల ట్రేలూ, పల్చటి ఫోమూ అంటించి స్టూడియో అనకండి. అవి సన్నటి శబ్దాన్నే కాస్త ఆపుతాయి, గొంతులోని బరువును ఆపవు. రెండంగుళాల మందం రాక్‌వూల్ (రాతి పీచు) పలకలను గుడ్డ చుట్టి, గోడకు రెండంగుళాలు ఎడంగా బిగిస్తే పని జరుగుతుంది. స్టూడియోల్లో వాడే కండెన్సర్ మైకుకు 48 వోల్టుల పవర్ ఇచ్చి, దాన్ని కంప్యూటరుకు కలిపే రెండు ఇన్‌పుట్ల ఇంటర్‌ఫేస్, మంచి హెడ్‌ఫోన్లు, కరెంటు పోతే పని ఆగకుండా ఒక యూపీఎస్ కావాలి. ఫ్యాను రికార్డింగులో వినపడుతుంది, దాని స్విచ్చి గది లోపలే ఉండాలి. తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో ఆ పేరు తలుపు మీద రాయించండి. చాలా ప్రభుత్వ గదులు మూతపడేది ఆ ఒక్క చోటే.

వచ్చే విజయనగరం ఉత్సవాల టెండరు పత్రం తయారయ్యేలోపు సౌండు పేరా అందులో చేరిస్తే మిగతావి ఒక్కొక్కటిగా చూసుకోవచ్చు. శ్రీకాకుళం బాపూజీ కళామందిర్‌లోనూ, విజయనగరం ఆనంద గజపతి ఆడిటోరియంలోనూ నెలకు ఒక సాయంత్రం టికెట్టు పెట్టుకుని పాడుకునేందుకు తక్కువ అద్దెకు ఇచ్చే ఉత్తర్వు కూడా దాంతోపాటే ఇప్పించగలరని కోరుతున్నాం. షరతుల ముసాయిదా కావాలంటే మేమే రాసిస్తాం, దానికి పారితోషికం అక్కర్లేదు.

ఇట్లు,
శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పాటలు రికార్డు చేసేవాళ్లం, స్టేజీల మీద సౌండు చూసేవాళ్లం